సముద్రపు నీళ్ళలోనే పెట్టాం, అయినా ఇసుక పీతలు ఎందుకు చచ్చిపోయాయి?

గుంటూరు_స్వాతి
నిన్న ఆదివారం సూర్యలంక వెళ్ళాం. మా పాప (ఏడేళ్ళు), మా ఆడపడుచు పిల్లలు కలిసి సాయంత్రమంతా ఒడ్డున కన్నాల్లోంచి బయటికొచ్చే చిన్న చిన్న పీతల్ని తరిమి తరిమి పద్నాలుగు పట్టారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో సముద్రపు నీళ్ళు నిండా పోసి, వాటిని అందులో వేసి, పారిపోకుండా మూత బిగించి కారెక్కారు. నీళ్ళున్నాయి కదా బతుకుతాయిలే అని నేనూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చూస్తే పన్నెండు కదలట్లేదు. పాప అన్నం తినకుండా ఏడుస్తూ పడుకుంది. పీత అంటే నీళ్ళలో బతికేదే కదా, అది కూడా వాటి సముద్రపు నీళ్ళే కదా, మరి ఎందుకిలా అయింది? మిగిలిన రెండూ ఇప్పుడు బకెట్లో అడుగున కొంచెం నీళ్ళలో ఉన్నాయి. వీటినైనా ఎలా బతికించాలో ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సందేహాలరావు
కారులో వేడికి పోయి ఉంటాయి. నీళ్ళ తప్పు కాదు.

ఒడ్డుపిల్లోడు
వేడి ఒక కారణం రావు గారూ, అసలు కారణం మాత్రం నీళ్ళే. స్వాతి గారూ, ముందు ఒక పని చెయ్యండి. ఆ బకెట్లో నీళ్ళు పారబోసి, తడి ఇసుక పొయ్యండి, తర్వాత మిగతాది చదవండి.

మాది భీమిలి దగ్గర పల్లె, మా నాన్న వేటకెళ్ళేవాడు. గేలానికి ఎర కోసం చిన్నప్పుడు ఈ పీతల్ని మేం రోజూ పట్టేవాళ్ళం. నేనూ మొదటిసారి డబ్బాలో నీళ్ళు పోసే వేశాను, తెల్లారేసరికి అన్నీ చచ్చాయి. అప్పుడు నాన్న చెప్పాడు, ఇది ఒడ్డు పీతరా, నీళ్ళలో పీత కాదు అని. దీనికి కూడా చేపకున్నట్టే మొప్పలు ఉంటాయి, కానీ అవి డొప్ప కింద గదిలాంటి చోట ఉండి, తడిగా ఉంటే చాలు, గాలిలోంచే ప్రాణవాయువు తీసుకుంటాయి. ఆ తడి ఆరిపోకుండా అప్పుడప్పుడు అల అంచుకి వచ్చి తడుపుకొని పోతుంది. అల దాకా రాకపోయినా, కాళ్ళ మొదట్లో సన్నటి వెంట్రుకల కుచ్చులు ఉంటాయి, తడి ఇసుక మీద కూర్చుంటే అవి ఒత్తిలాగా నీటిని పైకి పీల్చుకుంటాయి. అలాంటి జీవిని నిలవ నీళ్ళలో ముంచి మూత పెడితే ఆ నీళ్ళలో ఉన్న కాస్త ప్రాణవాయువూ పద్నాలుగు పీతలకి ఎంతసేపు వస్తుంది? దానికి తోడు వాటి మలం కూడా అందులోనే.

మీ తప్పని అనట్లేదు. అందరూ అలాగే అనుకుంటారు.

గుంటూరు_స్వాతి
ఇసుక ఎక్కడ దొరుకుతుందండీ ఇప్పుడు? పక్కన ఇల్లు కడుతున్నారు, ఆ ఇసుక పనికొస్తుందా?

ఒడ్డుపిల్లోడు
పనికొస్తుంది, నాలుగైదు సార్లు బాగా కడగండి. సిమెంటు తగిలిన చోటు నుంచి మాత్రం తియ్యకండి. జానెడు లోతు ఉండాలి, పిడికిట్లో పిండితే ముద్ద కట్టేంత తడి, నీరు కారకూడదు. తడపడానికి కుళాయి నీళ్ళు వద్దు. సముద్రపు నీళ్ళు ఏమైనా మిగిలాయా?

గుంటూరు_స్వాతి
ఉన్నాయి! ఇంట్లో చల్లడానికని మా అత్తగారు తెమ్మన్న సీసా ఒకటి దేవుడి గూట్లో ఉంది. అడిగి తీసుకుంటాను.

పద్మ_తుని
అత్తగారి సీసా రెండు ప్రాణాలు నిలబెట్టబోతోందన్నమాట. ఆవిడకి మా నమస్కారం చెప్పండి స్వాతీ.

రెండింటినీ ఒకే దాంట్లో పెట్టొద్దు. కొట్టుకుంటాయి, బలహీనంగా ఉన్నదాన్ని రెండోది తినేస్తుంది కూడా.

సందేహాలరావు
ఒడ్డుపిల్లోడు గారు చెప్పింది ఒప్పుకోవాలి. మా ఊరి సంతలో మండ పీతల్ని తాళ్ళతో కాళ్ళు కట్టి, తడి గోనె కప్పి అమ్ముతారు. రెండు రోజులైనా నీళ్ళు లేకుండానే బుసబుసమని నురగ కక్కుతూ బతికే ఉంటాయి. అది ఎప్పుడూ చూస్తూనే ఉన్నా, ఎందుకని ఆలోచించలేదు.

కోరింగ_మడ
రావు గారూ, ఆ నురగ అదే. మొప్పల గదిలో దాచుకున్న నీటిని బయటికీ లోపలికీ తిప్పుకుంటుంటే గాలి కలిసి బుడగలు వస్తాయి. అయితే మండ పీత ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది, బయట కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. సూర్యలంకలో పిల్లలు పట్టినవి పూర్తిగా ఒడ్డు మీద సంసారం చేసేవి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంతకీ స్వాతి గారూ, కళ్ళు పొడవాటి కాడల మీద నిలబడి ఉన్నాయా? రంగేంటి? కన్నాల చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు ఉన్నాయా?

గుంటూరు_స్వాతి
కళ్ళు అగ్గిపుల్లల్లాగా నిక్కపొడుచుకొని ఉన్నాయి. ఒళ్ళు ఇసుక రంగే, మచ్చలు మచ్చలుగా. రూపాయి బిళ్ళంత ఉంటాయి. కొంచెం దూరంలో పెద్దవి ఎర్రగా ఉన్నాయి కానీ అవి పిల్లలకి దొరకలేదు. ఉండలంటే, అవును, ముగ్గు చుక్కల్లాగా ఒడ్డంతా ఉన్నాయి.

బాపట్ల_సీను
ఆ ఉండలు చేసేవి వేరే జాతి. బఠాణీ గింజంత ఉంటాయి. ఇసుక పీత ఉండలు చెయ్యదు.

ఒడ్డుపిల్లోడు
చేస్తుంది సీను. నేను కళ్ళారా చూశాను.

బాపట్ల_సీను
అన్నా, నేను పుట్టింది పెరిగింది ఇక్కడే. ఉండలు చేసేది చిన్నదే.

కోరింగ_మడ
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సీను చెప్పే బుల్లి పీతలు డొటిల్లా అనే జాతివి. అలలు గట్టిగా కొట్టని, మెత్తటి చదును ఇసుక వాటికి కావాలి, అందుకే ఏటి మొగల దగ్గర ఎక్కువ. ఆటు మొదలై నీరు వెనక్కి పోగానే కన్నంలోంచి వచ్చి, ఇసుకని డెక్కలతో, అంటే పటకారులాంటి ముందు కాళ్ళతో, నోట్లోకి తోసుకుంటూ పోతాయి. ఇసుక రేణువులకి అంటుకున్న నాచు, సూక్ష్మజీవులు నోట్లోనే కడిగి మింగేసి, మిగిలిన ఇసుకని ఉండ కట్టి కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తోసేస్తాయి. కన్నం నుంచి చక్రం ఆకుల్లాగా నాలుగు వైపులా గీతలు, వాటి పక్కన ఉండల వరసలు. ఒక్క ఆటులో ఒక్కొక్కటి వందల ఉండలు చేస్తుంది. పోటు రాగానే కన్నంలోకి దూరి మూత వేసుకుంటుంది, పైన సముద్రం వచ్చి మొత్తం చెరిపేస్తుంది. మళ్ళీ ఆటుకి మొదటి నుంచి మొదలు.

ఇసుక పీతలు కూడా, ముఖ్యంగా మన బంగాళాఖాతం ఒడ్డున ఉండే ఎర్రవి, ఇలా ఇసుక తిని ఉండలు వదులుతాయి. కానీ వాటికి చచ్చిన చేప, చిన్న పురుగు, ఏది దొరికినా ఇష్టమే. ఇంకో తేడా చూడండి. నున్నగా గుండ్రంగా ఉంటే తిని వదిలిన ఉండ. గరుకుగా, పెద్దగా, కన్నానికి ఒకవైపు విసనకర్రలాగా చిమ్మి ఉంటే అది తవ్వి పారేసిన మట్టి.

బాపట్ల_సీను
సరే అన్నా, రేపు పొద్దున్నే పోయి చూస్తా.

విశాఖ_వేకువ
మా ఆర్కే బీచ్‌లో ఉండలు ఎందుకు పెద్దగా కనిపించవో ఇప్పుడర్థమైంది. ఇక్కడ అల కొట్టే దెబ్బకి మనుషులే నిలబడలేరు.

గుంటూరు_స్వాతి
రెండు టబ్బుల్లో ఇసుక పోశాం. రెండూ గంటలోపే లోపలికి తవ్వుకుపోయాయి. తిండి?

ఒడ్డుపిల్లోడు
పచ్చి చేప ముక్క, చిటికెన వేలి గోరంత. రాత్రి పెట్టి పొద్దున్నే తీసెయ్యండి, కుళ్ళితే ఇసుక పాడవుతుంది. టబ్బు మీద జాలీ గానీ బుట్ట గానీ కప్పండి, ఇవి పైకి ఎక్కేస్తాయి, పారిపోతే సోఫా కింద వెతుక్కోవాలి.

గుంటూరు_స్వాతి
మంగళవారం రాత్రి. అర్జెంట్. ఒకటి పైకి వచ్చింది, టార్చి వేసి చూస్తే రంగు బాగా ముదిరిపోయింది. పగలు ఇసుకలో కలిసిపోయేలా లేతగా ఉండేది. చచ్చిపోతోందా?

కోరింగ_మడ
లేదండీ, కంగారు పడకండి. చాలా ఇసుక పీతలు పగలు తెల్లబడతాయి, రాత్రి ముదురుతాయి. గదిలో దీపం వేసి ఉంచినా వాటి లోపల ఉన్న గడియారం ప్రకారం మారతాయి. పైనుంచి చూసే పక్షికి పగలు కనబడకుండా ఉండడానికి అది వాటి ఏర్పాటు. రంగు మారుతోందంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

జెడ్డా_రాజు
ఈ చర్చ చూసి సంతోషమేసింది. నేను పన్నెండేళ్ళుగా జెడ్డాలో డ్రైవర్‌ని. ఇక్కడ ఎర్ర సముద్రం ఒడ్డున ఇసుక పీతలు గోపురాలు కడతాయి! నమ్మరు. కన్నం ఒకచోట, దానికి కాస్త దూరంలో తవ్విన ఇసుకంతా పోగేసి కోసుగా గోపురం, రెండింటి మధ్య తొక్కి తొక్కి చేసిన దారి. శుక్రవారం తెల్లవారుజామున వెళ్తే ఒడ్డంతా గుళ్ళున్న ఊరిలాగా ఉంటుంది. మా రూమ్‌మేట్‌తో కలిసి ఒకసారి ఒక గోపురం చెరిపేసి చూశాం, మర్నాటికి మళ్ళీ కట్టింది. ఆ తర్వాత మళ్ళీ చెరపలేదు, పాపం అనిపించింది.

కోరింగ_మడ
రాజు గారూ, అవి సరటాన్ అనే జాతి. గోపురం కట్టేది మగదే. ఆడదానికి "ఇక్కడ ఇల్లుంది" అని, పక్క మగవాడికి "ఇది నా జాగా" అని చెప్పడానికి. మగదాని కన్నం లోపల మర మేకులాగా తిరిగి ఉంటుంది.

పద్మ_తుని
ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నది వాటికే సరిపోయింది. మనలాగే ముందు ఇల్లు, తర్వాత పెళ్ళి.

గుంటూరు_స్వాతి
బుధవారం పొద్దున. మీరందరూ ఇంత చెప్పాక ఈ మాట రాయాలంటే బాధగా ఉంది. రెండో టబ్బులోది చచ్చిపోయింది. ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది, కదల్చినా కదల్లేదు. పాపకి ఇంకా చెప్పలేదు, స్కూలుకెళ్ళింది. సాయంత్రం ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఒడ్డుపిల్లోడు
ఆగండి. పారెయ్యకండి. చేతిలోకి తీసుకొని చూడండి. బరువుందా, ఎండుటాకులాగా తేలిగ్గా ఉందా? వాసన వస్తోందా? వెనక వైపు డొప్పకీ కడుపుకీ మధ్య చీలి తెరుచుకొని ఉందా?

గుంటూరు_స్వాతి
తేలిగ్గా ఉంది. వాసన లేదు. వెనక డబ్బా మూత తెరిచినట్టు ఉంది. లోపల ఏమీ లేదు!! కళ్ళు కూడా గాజులాగా ఖాళీగా ఉన్నాయి.

ఒడ్డుపిల్లోడు
చావలేదండీ. ఒళ్ళు విడిచింది. ఇసుక అడుగున ఎక్కడో మెత్తగా ఉంటుంది. వెతకకండి, తవ్వకండి!

విశాఖ_వేకువ
హమ్మయ్య! ఆఫీసులో కూర్చొని చదువుతూ ఊపిరి బిగబట్టా.

కోరింగ_మడ
డొప్ప మనిషి ఎముకలాగా పెరగదు కాబట్టి పీత పెరగాలంటే పాతది విడవాలి. విడిచే ముందే కింద కొత్తది, మెత్తగా మడతలు పడి తయారై ఉంటుంది. వెనక నుంచి చీల్చుకొని వెనక్కే బయటికి వస్తుంది. కళ్ళ కాడలు, మీసాలు, కాళ్ళు, మొప్పల పైపొరతో సహా అన్నీ ఆ పాత అంగీలోంచి లాక్కోవాలి. బయటికొచ్చాక నీరు పీల్చుకొని ఒళ్ళు ఉబ్బించి పెద్దదవుతుంది, అప్పుడు కొత్త డొప్ప గట్టిపడుతుంది. ఆ కొద్ది రోజులూ డెక్కతో చీమని కూడా నొక్కలేదు. బయట అయితే కన్నం లోతుల్లో ఈ పని చేసుకుంటుంది. మీ టబ్బులో జానెడు ఇసుక ఉండబట్టే దానికి ధైర్యం వచ్చింది.

ఆ ఖాళీ డొప్పని అక్కడే ఉంచండి. సున్నం కోసం దాన్నే కొరుక్కుతినే అవకాశం ఉంది. అలాగే ఈ ఆదివారం సముద్రానికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఆపి, పై ఆదివారం పెట్టుకోండి. మెత్తటి పీతని ఒడ్డున వదిలితే మిగతావే తినేస్తాయి.

పద్మ_తుని
స్వాతీ, మీ పాపకి విరిగిన కాలు ఉందేమో చూడమను. నేను తునిలో మా తాతగారింట్లో ఒకసారి గమనించా, పొలం గట్టు మీద ఎండ్రకాయకి ఒక డెక్క పెద్దది, ఒకటి గోరంత. విరిగినది ఒళ్ళు విడిచినప్పుడల్లా కొంచెం కొంచెం పెరుగుతుందట.

కోరింగ_మడ
నిజమే. శత్రువు పట్టుకుంటే కాలు తనే తెంపుకొని పారిపోతుంది, తర్వాత పెంచుకుంటుంది. మా కోరింగ మడ అడవుల్లో ఫిడ్లర్ పీతల మగవాటికి ఒక డెక్క ఒళ్ళంత పెద్దది. దాన్ని ఊపి ఊపి ఆడవాటిని పిలుస్తాయి. అది పోతే మళ్ళీ వచ్చేది పొడవులో అంతే ఉన్నా సన్నంగా, తేలిగ్గా ఉంటుంది. కుస్తీలో బలం చాలదు, కానీ చూసేవాళ్ళకి తేడా తెలియదు, కాబట్టి ఊపుతూనే ఉంటుంది. కాకినాడ వైపు వస్తే చెక్క వంతెన మీద ఆటు వేళ నిలబడి చూడండి. చప్పుడు చేస్తే అన్నీ ఒకేసారి మాయం. కదలకుండా ఐదు నిమిషాలు ఉంటే ఒక్కొక్కటే వస్తాయి.

సూటిగా_చెప్తా
మీరంతా పీతల మీద ఇంత ప్రేమ చూపిస్తున్నారు కానీ, ఇవి సముద్రపు తాబేలు గుడ్లు తినేస్తాయి, తాబేలు పిల్లల్ని కన్నంలోకి లాక్కుపోతాయి. అంతరించిపోతున్న తాబేలు ముఖ్యమా, లక్షల్లో ఉన్న పీత ముఖ్యమా? తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట పీతల్ని తీసెయ్యాలి.

విశాఖ_వేకువ
నేను నాలుగేళ్ళుగా శీతాకాలంలో తెల్లవారుజామున తాబేలు గూళ్ళ కోసం ఒడ్డున నడుస్తున్నాను, అటవీ శాఖ వాళ్ళ హేచరీలో, అంటే గుడ్లని కాపాడి పొదిగించే చోట, సాయం చేస్తాను. పీత తాబేలు పిల్లని పట్టుకోవడం చూశాను, ఏడుపొచ్చింది కూడా. అయినా మీ మాట ఒప్పుకోను. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్క గూట్లో వంద పైగా గుడ్లు పెట్టేది ఇలాంటివన్నీ ఉన్నాయనే. పీతా తాబేలూ మనకంటే ముందు నుంచి ఒకే ఒడ్డున బతుకుతున్నాయి. నేను చూసినంతలో గూళ్ళని తవ్వి పాడుచేసింది ఎక్కువగా కుక్కలు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్ళ శవాలు వలల్లో చిక్కినవి. హేచరీ చుట్టూ జాలీని ఇసుకలోకి లోతుగా దింపితే పీత రాదు, అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు.

పీతల్ని తీసేస్తే ఒడ్డున కుళ్ళే చేపలూ నాచూ ఎవరు తింటారు? పొద్దున్నే మీరు నడిచే ఇసుక వాసన రాకుండా ఉందంటే రాత్రంతా అవి పనిచేశాయి.

సూటిగా_చెప్తా
గూడు దగ్గర మాత్రమే అన్నాను, బీచ్ అంతా కాదు. జాలీ సంగతి నాకు తెలియదు. అది సరిపోతే నాకూ అభ్యంతరం లేదు.

బాపట్ల_సీను
కుక్కల కంటే బండ్లు. సెలవు రోజుల్లో ఇక్కడ ఒడ్డు మీద జీపులు, నాలుగు చక్రాల మోటారు బండ్లు తిప్పుతారు. సోమవారం పొద్దున వెళ్తే ఒక్క కన్నం కనబడదు, టైరు గీతలే. చిన్న పీతల కన్నాలు నీటి అంచు వైపు ఉంటాయి, బండి వెళ్ళేది కూడా అక్కడే, గట్టి ఇసుక కదా. పెద్దవి పైన లోతుగా తవ్వుకుంటాయి, మీటరు లోతున్నవీ ఉన్నాయి, అవి కొంత తప్పించుకుంటాయి. మొన్న ఒకాయనకి చెబితే "పీతలకోసం ఆపాలా" అన్నాడు.

చెప్పడం మర్చిపోయా, ఒడ్డుపిల్లోడు అన్నా, పోయి చూశా. ఎర్రది ఉండలు చేస్తోంది. నువ్వన్నది కరెక్ట్.

ఒడ్డుపిల్లోడు
చూసొచ్చి చెప్పావు చూడు తమ్ముడూ, అది చాలు. బండ్ల గురించి నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒడ్డు మీద మనుషుల తొక్కిడి ఎంతుందో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో ఇసుక పీత కన్నాలే లెక్కపెడతారు.

ఔటర్‌బ్యాంక్స్_వేణు
నార్త్ కరోలినా నుంచి. ఇక్కడ పిల్లలు రాత్రిపూట టార్చిలతో ఇసుక పీతల్ని వెతకడం పెద్ద సరదా. మా అబ్బాయి ఒకదాన్ని పట్టి చెవి దగ్గర పెట్టుకొని "నాన్నా, గుర్రుమంటోంది" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. 2019లో వచ్చిన పరిశోధన. డెక్క మీది గీతల్ని రాసి చప్పుడు చేస్తుందని ముందే తెలుసు, కానీ పొట్టలో తిండి నూరే పళ్ళని రాసి కూడా గుర్రుమంటుందని అందులో తేల్చారు. డెక్కలు రెండూ చాచి బెదిరిస్తున్నప్పుడు చప్పుడుకి వేరే సాధనం కావాలి కదా. వాడి చెవి మీద నమ్మకం లేనందుకు వాడికి సారీ చెప్పాను.

పద్మ_తుని
వేణు గారూ, మీ వాడిని చదువుల్లో కూడా ఇలాగే నమ్మండి.

గుంటూరు_స్వాతి
పాప అడుగుతోంది: ఈ రెండింటికీ అమ్మ సూర్యలంకలోనే ఉందా? అక్కడే వదిలితే అమ్మని గుర్తుపడతాయా?

కోరింగ_మడ
మంచి ప్రశ్న. తల్లి గుడ్లని కడుపు కింది మడతలో గుత్తిగా మోసి, పొదిగే వేళకి అల అంచుకి వెళ్ళి నీళ్ళలో దులిపేస్తుంది. పిల్ల పీతలాగా ఉండదు, ముళ్ళున్న నలుసులాగా సముద్రంలో తేలుతూ, రూపాలు మారుతూ, నెలకి పైనే ప్రవాహాలతో తిరుగుతుంది. చివరికి ఏ ఒడ్డు దొరికితే ఆ ఒడ్డున ఎక్కి పీత అవుతుంది. కాబట్టి పాపతో చెప్పండి, వీటి అమ్మ నెల్లూరులో ఉండొచ్చు, కాకినాడలో ఉండొచ్చు. పాప చేతికి దొరికే ముందు అవి సముద్రం చూసొచ్చాయి.

గుంటూరు_స్వాతి
ఆదివారం రాత్రి. వదిలేసి వచ్చాం. గుంటూరు నుంచి మళ్ళీ అంత దూరం పీతల కోసం వెళ్ళడమేంటని మావారు మొదట విసుక్కున్నారు, చివరికి టబ్బులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది ఆయనే. ఒళ్ళు విడిచినది ఎంత పెరిగిందంటే పాత డొప్పని పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఎండ తగ్గాక, జనం లేని చోట, తడి ఇసుక మీద పెట్టాం. మొదటిది ఒక్క క్షణం కూడా ఆగలేదు, అడ్డంగా ఒకే పరుగు, మధ్యలో గిర్రున తిరిగి రెండో పక్క కాళ్ళు ముందుకి పెట్టి మళ్ళీ పరుగు. రెండోది మాత్రం కదల్లేదు. ఒళ్ళు ఇసుకకి ఆనించి కూర్చుంది. పాప భయపడింది.

ఒడ్డుపిల్లోడు
నీళ్ళు పీల్చుకుంటోంది. తర్వాత?

గుంటూరు_స్వాతి
అవును, మీరు చెప్పిన కుచ్చుల సంగతి పాపే గుర్తుచేసింది నాకు. ఐదు నిమిషాల తర్వాత లేచి కాస్త పైకి నడిచి తవ్వడం మొదలుపెట్టింది. ఒక పక్క కాళ్ళ మధ్య ఇసుక ముద్ద ఇరికించుకొని పైకి తెచ్చి దూరంగా విసరడం, కళ్ళు తిప్పి మమ్మల్ని చూడడం, మళ్ళీ లోపలికి. పాప లెక్కపెట్టింది, ఇరవై ఏడు సార్లు తెచ్చింది. ఇరవై ఎనిమిదోసారి రాలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం.